వేగమను భ్రమ

పనిముట్టు మంచిదగునా కాదా యను ప్రశ్నకు దానిని వాడువాని మనస్సు చెప్పు సాక్ష్యము చాలదు. ఈ మాట సేద్యగానికి క్రొత్త కాదు. చేవెళ్ల ప్రాంతపు రైతు అద్దెట్రాక్టరు చప్పుడును విని దుక్కిని మెచ్చుకొనడు. గంటకెన్ని గుంటలు దున్నినది, నాగలి ఎంత లోతు దిగినది, మరల దున్నవలసి వచ్చునా యని చూచును. ఆ రైతు కుమారుడే మొయినాబాదులో ఇంజనీరింగు చదివి, గచ్చిబౌలిలో ప్రోగ్రాములు వ్రాయు కొలువున చేరినచో, అతని పనిని కొలుచు పద్ధతి మాత్రము మన కింకను పట్టువడలేదు.

వ్రాసిన పంక్తులను లెక్కించుట మిక్కిలి హీనమైన పద్ధతి. నూరు పంక్తులను పదికి కుదించిన నేర్పరి ఆ లెక్కలో సోమరి యగును. కృత్రిమ మేధ వచ్చిన పిదప నీ దోషమినుమడించినది. పంక్తులు క్షణములో పుట్టుచున్నవి. వానిని చదివి సరిచూచు భారము మనుష్యునిపై పడుచున్నది.

2025లో ఎం.ఇ.టి.ఆర్. అను అమెరికా సంస్థ ప్రకటించిన పరీక్షను మన మందరమును తెలిసికొనవలెను. అనుభవజ్ఞులైన 16 మంది, తమకు చిరపరిచితములైన ప్రోగ్రాములలో 246 పనులు చేసిరి. ఏ పనికి కృత్రిమ మేధను వాడవచ్చునో, దేనికి కూడదో చీటి తీసినట్లు నిర్ణయింపబడెను. దానివలన 24 శాతము కాలము మిగులునని వారు ముందుగా తలచిరి. పనులు ముగిసిన తరువాతను 20 శాతము మిగిలినదనియే నమ్మిరి. కాని లెక్క చూడగా, దానిని వాడనిచ్చిన పనులకు 19 శాతము ఎక్కువ కాలము పట్టెను!

ఇంతమాత్రమున యంత్రములు వ్యర్థములనుట తొందరపాటు. గిట్‌హబ్ కోపైలట్‌ను గూర్చి 2023లో వెలువడిన ప్రయోగములో, ఒక చిన్న సర్వరు ప్రోగ్రామును క్రొత్తగా వ్రాయు పనిని, దానిని వాడినవారు 55.8 శాతము త్వరగా ముగించిరి. పని మారిన ఫలము మారును. వాడువారు మారినను, పనిముట్టు మారినను మారును. కావుననే ఒకచోటి యంకెను మరియొకచోట నతికింపరాదు.

యజమానులకు మేము చెప్పునది యొక్కటే. ఉపకరణమును చూపి ఉద్యోగులను తగ్గింపబోవుటకు ముందు కొలువుడు. దిద్దుబాటునకు పట్టిన కాలమును, పిదప బయటపడిన తప్పులను ఆ కొలతలో చేర్పుడు. కొలత పనిముట్టును పరీక్షించుటకే గాని పనివానిని వెంటాడుటకు కాదు. కళాశాలలవారును, ప్రోగ్రాము వ్రాయుటతోపాటు తమ పనిని తామే నిజముగా కొలుచుకొనుటను విద్యార్థులకు నేర్పవలెను. కొలత తప్పినచో పోవునది కాగితముపైని అంకె కాదు. ఒక కుటుంబమునకు ఆధారమైన కొలువు.