లేహ్ దారిలో యంత్రపు లెక్క

మనాలి నుంచి లేహ్‌కు బయలుదేరిన కారులో, దారి చూపే యంత్రం గమ్యం చేరే వేళను ముందే ప్రకటిస్తుంది. మిగిలిన దూరాన్ని, ఆ తరగతి రహదారికి అనుకున్న వేగంతో భాగిస్తే వచ్చే ఫలితమది. హిమాలయం ఆ లెక్కకు లొంగదు.

2020లో ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం 46 కిలోమీటర్ల దూరాన్ని తగ్గించింది. పటం మార్చని యంత్రం ఇంకా రోహ్తాంగ్ కనుమ మీదుగానే లెక్క కట్టి, వేళను ఎక్కువ చేసి చెబుతుంది. సొరంగం దాటాక పొరపాటు తలకిందులవుతుంది. ఉదయం చక్రాలను మాత్రమే తడిపే మంచునీటి వాగు, ఎండ ముదిరాక దారినే ముంచెత్తుతుంది. గాటా లూప్స్‌లోని 21 మలుపుల్లో బరువు లారీల వెనుక బారులు తీరక తప్పదు. ఆలస్యమైతే, 5,000 మీటర్లు మించిన తంగ్‌లాంగ్ లా కనుమపై, ప్రాణవాయువు పలచబడిన చోట చీకటి పడుతుంది.

అందుకే ఆ దారి ఎరిగిన చోదకులు కేలాంగ్‌లోనో జిస్పాలోనో రాత్రి విడిది చేసి, తెల్లవారకముందే కదులుతారు.