నేలకూ నడుముకూ మధ్య

గుడారాల్లో రాత్రి గడిపేవారి కోసం తయారయ్యే తేలికపాటి మడత మంచాన్ని అమ్మేవారు ముందుగా దాని బరువు చెబుతారు, కొనేవారూ ముందుగా దాన్నే అడుగుతారు. కాని ఆ బరువు దేన్ని తగ్గించడం వల్ల తగ్గిందన్న సంగతి చాలాసార్లు అంగడిలో కాక, సెలవులు ముగిశాక వైద్యుని గదిలో తేలుతుంది. ఉక్కు గొట్టాలతో చేసిన మోకాలెత్తు మడత మంచం ఏడెనిమిది కిలోలు తూగుతుంది. ఉక్కు సాంద్రతలో సుమారు మూడో వంతు మాత్రమే ఉండే అల్యూమినియాన్ని వాడితే బరువు బాగా దిగుతుంది గాని, ఒకటిన్నర, రెండు కిలోలకు రావాలంటే లోహాన్ని మార్చడం ఒక్కటే చాలదు, కోళ్లను కూడా పొట్టి చేయవలసి వస్తుంది. అందుకే వీపుసంచిలో పట్టే రకాల్లో చాలావాటి పడక నేలనుంచి 12 నుంచి 16 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. తేలికదనానికి చెల్లించే మూల్యంలో పెద్దపాలు ఈ ఎత్తుదే, ఆ ఎత్తు ఎవరికి అక్కరలేదో ఎవరికి తప్పనిసరో తేల్చవలసింది మంచాన్ని చూసి కాదు, దానిమీద పడుకోబోయే మనిషిని చూసి.

మంచం ఎత్తు విలువ తెలుగు పల్లెలకు కొత్తగా చెప్పవలసినది కాదు. ఆరుబయట వాల్చుకునే నులకమంచమైనా నవారు మంచమైనా కూర్చున్నవాడి పాదాలు నేలకు ఆనేంత ఎత్తులో ఉండేది; వదులైన నులకను కాళ్లవైపునుంచి లాగి బిగించే ఏర్పాటు దానిలోనే ఉండేది; జొన్నచేను కాపలాకు వెళ్లినవాడు అంతకంటే ఎత్తున మంచె కట్టుకుని దానిమీదే నడుము వాల్చేవాడు. ఆంగ్లంలో మంచానికి వాడే కాట్ అనే మాట హిందీలోని ఖాట్ నుంచి వెళ్లిందే కాబట్టి, ఈనాడు పెట్టెలో మడతపడి తిరిగివస్తున్న వస్తువుకు పుట్టిల్లు ఈ దేశమే అనుకోవచ్చు, కాకపోతే ప్రయాణంలో దాని కోళ్లు కొంత పొట్టివయ్యాయి.

అరకు, వంజంగి, మారేడుమిల్లి వంటి చోట్ల గుడారాల్లో గడిపి వచ్చినవారిలో వైద్యుని దగ్గరకు ముందుగా చేరేవారు మోకాళ్ల నొప్పులవారు. అరవై దాటిన ఒక రోగికి మోకాలి కీళ్లలో ఆస్టియో ఆర్థరైటిస్ ఉండేది. అంటే ఎముకల చివరలను కప్పి ఉంచే నున్నని మృదులాస్థి పలచబడి, కీలు వంగినప్పుడల్లా నొప్పి పుట్టే స్థితి. ఇంట్లో కుర్చీలోనుంచి లేవడానికి ఆయనకు ఇబ్బంది లేదు, ఎందుకంటే సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తునుంచి లేచేటప్పుడు మోకాలు లంబకోణాన్ని మించి పెద్దగా ముడుచుకోదు. జానెడు ఎత్తు కూడా లేని మంచంనుంచి లేవాలంటే మాత్రం మోకాలు దాదాపు గొంతుకూర్చున్నంతగా ముడుచుకోవలసి వస్తుంది, తొడ ముందు కండరం శరీర భారమంతటినీ ఆ ముడుపునుంచే పైకెత్తాలి, ఆ లాగుడుకు మోకాటి చిప్ప కింది ఎముకను బలంగా ఒత్తుతుంది. పైగా అదే రోగికి ప్రోస్టేట్ గ్రంథి పెరిగి ఉన్నందువల్ల రాత్రి మూడుసార్లు మూత్రానికి లేవవలసి వచ్చింది, ఆ సమస్యకు వాడుతున్న మందు రక్తనాళాలను కూడా కొంత సడలించేది. పడుకున్న మనిషి నిలబడిన మూడు నిమిషాల్లోపు పై రక్తపోటు 20 గాని, కింది రక్తపోటు 10 గాని, అంతకు మించిగాని పడిపోతే దానిని భంగిమ మార్పువల్ల కలిగే రక్తపోటు పతనం అంటారు. చీకట్లో, మోకాళ్లమీద పాకి, గుడారం తాడు పట్టుకుని ఒక్క ఊపున లేచిన మనిషికి కళ్లు బైర్లు కమ్మడంలో వింత లేదు. ఆయన కిందపడినా మణికట్టు విరగకుండా బెణుకుతోనే బయటపడ్డారు. ఎత్తైన మంచం ఉంటే అంచున కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, ఒక నిమిషం ఆగి లేచే వీలుండేది, ఇలాంటి రోగులకు వైద్యులు చెప్పే జాగ్రత్త కూడా అదే.

ఇక్కడ ఒక విషయం అడగకుండా ఉండలేము. ఈ కుటుంబాల్లో అత్యధికులు కారును గుడారానికి పదడుగుల దూరంలో నిలుపుతారు, కారులో గ్యాసు పొయ్యి, నీళ్ల డబ్బాలు, కుర్చీలు అన్నీ వస్తాయి, మంచం దగ్గరకు వచ్చేసరికి మాత్రం కొండెక్కేవాడి లెక్కలోకి మారి, వీపున మోసేవారు ఎవరూ లేకపోయినా గ్రాములు తగ్గించడానికి రెట్టింపు ధర పెడతారు. పొట్టి మంచం సార్థకమయ్యేది రోజంతా నడిచి, వీపుమీద మోసుకుపోయి, గొంతుకూర్చుని లేవగలిగిన ముప్పై ఏళ్ల మనిషికే.

నడుమునొప్పి విషయంలో వైద్యుల సలహాయే ఒక తరంలో మారింది. వెన్నునొప్పి అన్నవారందరినీ చెక్కబల్లమీద పడుకోమని చెప్పిన కాలం ఒకటుండేది, ఆ మాటను ఇప్పటికీ పట్టుకుని గుడారంలో కటిక నేలే నడుముకు మంచిదని వాదించే పెద్దలు ఉన్నారు. దీర్ఘకాలపు నడుమునొప్పి ఉన్న 313 మందిపై స్పెయిన్ వైద్యులు జరిపి, 2003లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిన పరీక్షలో బాగా గట్టి పరుపుకంటే మధ్యస్థమైన గట్టిదనం గల పరుపే ఎక్కువ ఉపశమనం ఇచ్చింది. కారణం ఊహించదగినదే. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు భుజమూ తుంటీ కొంత కిందికి దిగితేనే వెన్నెముక తిన్నగా నిలుస్తుంది; బల్లమీద అవి దిగవు, సాగిపోయిన గుడ్డమీద అవసరానికి మించి దిగి నడుము విల్లులా వంగుతుంది. కాబట్టి మంచం గుడ్డను ఎన్నుకునేటప్పుడు దాని మందంకంటే బిగువు ముఖ్యం. అడ్డకడ్డీ బిగించడానికి చేతులు నొప్పిపుట్టే మంచాన్ని అంగడిలో చాలామంది తిరస్కరిస్తారు గాని, ఎత్తు సరిపోయినప్పుడు నడుమునొప్పివారికి తరచుగా సరిపడేది ఆ మొండి మంచమే. తేమకు వదులయ్యే గుడ్డకంటే నీటిని పీల్చని పాలియెస్టర్ నేత మేలు. ఏ నేతైనా ఏళ్లు గడిచాక సాగుతుంది, నులకను బిగించినట్టు దీనిని బిగించే ఉపాయం మాత్రం చాలా రకాల్లో లేదు.

పట్టెల సంగతి అంతగా ఎవరికీ తట్టదు. పొడుగునా రెండు వైపులా సాగే లోహపు గొట్టాలు గుడ్డకంటే కాస్త ఎత్తుగా ఉంటాయి, వెడల్పు 60 సెంటీమీటర్లే ఉన్న మంచంమీద వెల్లకిలా పడుకున్న పెద్దమనిషి చేతులకు ఆ గొట్టాలు తప్ప చోటుండదు. ఒక యువకుడు స్నేహితులతో విందు చేసుకుని, మద్యం మత్తులో మడత మంచంమీద ఒళ్లు తెలియకుండా నిద్రపోయి, తెల్లవారి లేచేసరికి కుడి మణికట్టు వేలాడిపోయి, చేతిని పైకెత్తలేక పక్షవాతమని భయపడి వచ్చాడు. పరీక్షిస్తే మోచేయి చాచగలుగుతున్నాడు, ముఖంలోనూ కాలులోనూ బలహీనత లేదు, బొటనవేలి వెనక చర్మం మాత్రం మొద్దుబారింది. భుజంనుంచి మోచేతికి దిగే దారిలో రేడియల్ నాడి దండచేతి ఎముకను చుట్టుకుని పోతుంది, అక్కడ దానిని గట్టి అంచు గంటలకొద్దీ నొక్కితే సంకేతాలు ఆగిపోతాయి. మామూలు నిద్రలోనైతే తిమ్మిరి మనిషిని కదిలిస్తుంది, మత్తు ఆ హెచ్చరికను వినిపించనీయదు. ఇటువంటి నొక్కుడులో నాడి తెగదు గనుక చాలావరకు కొన్ని వారాల్లో, ఒక్కోసారి రెండు మూడు నెలల్లో చెయ్యి తిరిగి వస్తుంది. ఆ యువకునికి మణికట్టును నిలబెట్టే పట్టీ, వ్యాయామం తప్ప వేరే చికిత్స అవసరం కాలేదు. మోకాలి బయటిపక్క, పిల్లకాలి ఎముక తల దగ్గర చర్మం కిందే పోయే నాడికి కూడా ఇదే ప్రమాదం ఉంది, అది నొక్కుకుంటే పాదం వాలిపోతుంది. అందువల్ల భుజాల వెడల్పుకు రెండు వైపులా జానెడు చోటు మిగిలేలా మంచం ఎన్నుకోవాలి, లేదా పట్టెల మీదికి కూడా పరుచుకునే పలచని పరుపు వేసుకోవాలి.

మధుమేహం ముదిరి అరికాళ్ల స్పర్శ తగ్గినవారి బాధ దీనికి దగ్గరి బంధువే. మంచం పొడవు 185 సెంటీమీటర్లని రాసి ఉన్నా చివరి అడ్డకడ్డీ అంతకు ముందే ఉండవచ్చు. మడమలు రాత్రంతా దానిమీద ఆనినా వారికి నొప్పి తెలియదు, ఉదయానికి ఎర్రగా కందినచోట వారం తిరిగేసరికి పుండు పడుతుంది. ఇటువంటి రోగులకు పిక్కల కింద మడత దుప్పటి పెట్టి మడమలు గాలిలో ఉండేలా చూడమని చెప్పడం ఖర్చులేని వైద్యం.

చలి విషయంలో ఎత్తైన మంచమే తిరగబడుతుంది. చింతపల్లి దగ్గరి లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది, శీతకాలపు వేకువల్లో ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరపడే ఆ ఊరికి కొర్రబయలు అన్న పేరుంది. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెప్పుకుంటారు. మంచం ఎక్కినంత మాత్రాన ఆ చలి వదలదు. నేలమీద పడుకుంటే శరీరపు వేడి నేరుగా మట్టిలోకి దిగిపోతుంది, మంచంమీద పడుకుంటే కింద కదిలే గాలి ఆ వేడిని ఎత్తుకుపోతుంది. నిద్రసంచిలోని దూది ఎంత మందమైనా శరీరం కింద పడినచోట అణగిపోయి, అందులో నిలిచిన గాలి పోగానే పనికిరాకుండా పోతుంది. మనిషి లోపలి ఉష్ణోగ్రత దినచక్రంలో అతి తక్కువకు దిగేది కూడా తెల్లవారుజాము నాలుగైదు గంటల ప్రాంతంలోనే కాబట్టి, పదకొండింటికి హాయిగా నిద్రపోయినవారే నాలుగింటికి వణుకుతూ లేస్తారు, ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం తిరగబెట్టే వేళ అదే. గుడ్డమీద పరిచే చాపకో పరుపుకో ఉన్న వేడిని ఆపే శక్తిని ఆర్ విలువ అంటారు, విలువ పెరిగినకొద్దీ వేడి పోవడం తగ్గుతుంది. ఆ కొలతకు ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ 2018లో ఉమ్మడి పరీక్షా పద్ధతిని నిర్ణయించింది. అదేదీ లేనప్పుడు మడతపెట్టిన ఉన్ని కంబళి ఒకటి పైన కప్పుకోవడంకంటే కింద పరుచుకోవడమే మేలు. వేసవిలో అయితే చెమటను ఆర్చే ఆ గాలే వరమవుతుంది.

రాత్రి తొమ్మిదింటికి కడుపునిండా బిర్యానీ తిని వెంటనే వాలేవారికి పుల్లని తేన్పులు వస్తే, మంచాన్ని వాలునేలమీద తలవైపు జానెడు ఎత్తుగా ఉండేలా వేసుకుంటే చాలు.

ఏ మంచమైనా ప్రయాణానికి ముందు ఇంటి డాబామీద ఒక పూర్తి రాత్రి దానిమీద పడుకుని చూడాలి. అంగడిలో రెండు నిమిషాలు వాలి లేస్తే నడుమూ నాడులూ ఏమీ చెప్పవు. దానిని టార్చి వెలుతురులో, చలికి కొంకర్లు పోయిన వేళ్లతో విప్పి నిలబెట్టగలమో లేదో కూడా ఆ రాత్రే తేలుతుంది.

మంచానికి ఎత్తు ఉండాలనడానికి అన్నిటికంటె బరువైన కారణం నేలమీదే ఉంది. 2000 నుంచి 2019 వరకు భారతదేశంలో పాముకాటువల్ల సుమారు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58 వేల మంది మరణించినట్టు 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది, ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల ప్రాంతం కూడా ఉంది. కాటు వేసే పాముల్లో నిద్రకు శత్రువు కట్లపాము. అది రాత్రి తిరుగుతుంది, నేలమీద పడుకున్నవారి పక్కలోకి చేరుతుంది, సన్నని కోరలతో వేసే కాటు చీమకుట్టినంత నొప్పి కూడా లేకుండా, ఒక్కోసారి గుర్తు కూడా మిగలకుండా పోతుంది. దాని విషం నాడి చివరలనుంచి కండరానికి అందవలసిన రసాయన సంకేతాన్ని అడ్డుకుంటుంది, దాంతో ముందుగా కనురెప్పలు వాలి, తరవాత మింగడం కష్టమై, చివరకు ఊపిరి తీసే కండరాలు ఆగుతాయి. ఆగ్నేయ నేపాల్ గ్రామాల్లో జరిగి 2007లో వెలువడిన పరిశీలనలో దోమతెర కింద పడుకునేవారికి పాముకాటు ముప్పు బాగా తక్కువగా కనిపించింది. మోకాలెత్తు మంచం, పరుపు కిందికి దోపిన దోమతెర కలిస్తే రక్షణ బలపడుతుంది, అయితే నేలదాకా జారిన దుప్పటి అంచు పాముకు నిచ్చెన అవుతుంది. 12 సెంటీమీటర్ల మంచానికి నిచ్చెన కూడా అక్కరలేదు.

నల్లమల అంచున వానాకాలంలో విడిది చేసిన ఒక బృందంలోని యువకునికి తెల్లవారుజామున కడుపునొప్పి మొదలైంది. రాత్రి తిన్న కోడికూరే కారణమని స్నేహితులు భావించారు, దారిలో ఒకచోట ఆమ్లం తగ్గించే మందు ఇప్పించారు. ఏడు గంటలకు అతని రెప్పలు నిద్రమత్తు వల్ల వాలలేదని గమనించిన వైద్యుడు ఏమి తిన్నావని కాక, రాత్రి ఎక్కడ పడుకున్నావని అడిగాడు. టార్పాలిన్‌మీద అన్నది జవాబు. వెంటనే విషవిరుగుడు ఇచ్చినా మధ్యాహ్నానికి ఊపిరి యంత్రం పెట్టవలసి వచ్చింది, నాలుగో రోజుకు అతను సొంతంగా గాలి పీల్చుకోగలిగాడు. రెండు కిలోలకు మించని మడత మంచం ఆ బృందం దగ్గర ఒకటి ఉండనే ఉంది. చేరుకునేసరికి రాత్రి పది దాటిందనీ, కడ్డీలు బిగించే ఓపిక ఎవరికీ లేకపోయిందనీ, అందుకని అది సంచిలోనే కారులో ఉండిపోయిందనీ స్నేహితులు చెప్పారు.