కార్బిన్స్ కోవ్ రోడ్డు మీద స్ప్రింగు ట్రక్కులు

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన మా పోర్ట్ బ్లెయిర్‌లో చదునైన రోడ్డు దొరకడం కష్టం. అబెర్దీన్ బజారు నుంచి ఎటు కదిలినా ఎక్కడమో దిగడమో తప్పదు. అందుకే నేనూ మా మేనల్లుడూ స్కేట్‌బోర్డు సాధనకు సముద్రం వారనే కార్బిన్స్ కోవ్ వైపు సాగే రోడ్డును ఎంచుకున్నాం. దీవుల్లో పొద్దు తొందరగా పొడుస్తుంది. ఐదు దాటగానే వెలుతురు వస్తుంది, బండ్ల రాకపోకలు మొదలయ్యేదాకా రోడ్డు మాదే. హెల్మెట్, మోకాలి ప్యాడ్లు లేకుండా వాణ్ణి బోర్డు ఎక్కనిచ్చేవాణ్ణి కాను.

స్లాలం అంటే వరసగా పెట్టిన కోన్ల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ దూసుకుపోవడం. మా కోన్లు బోర్లించిన కాగితపు టీ కప్పులే. కాలితో నేలను తన్నకుండా, నిలబడి ఉయ్యాల ఊగినట్టు బరువును అటూ ఇటూ మారుస్తూ వేగం పుట్టించడం పంపింగ్. రెండింటికీ ప్రాణం ట్రక్కులే, అంటే చక్రాల ఇరుసును బోర్డుకు పట్టి ఉంచే లోహపు భాగాలు.

మామూలు ట్రక్కులో యూరథేన్ బుషింగులు, అంటే రబ్బరులా నలిగే దిమ్మలు ఉంటాయి. బోర్డు వంచితే అవి నలుగుతాయి, వదిలితే నిలబెడతాయి. చల్లటి వేళ బిగువుగా ఉన్న బుషింగు, ఎండ పడ్డ రోడ్డు మీద కాసేపు తిరిగేసరికి మెత్తబడేది. ఉదయం కుదిరిన లయ కాసేపటికే తప్పేది. పైగా బుషింగు మొదట లొంగి, చివర్లో బిగుసుకుంటుంది. స్ప్రింగు ట్రక్కులో బుషింగు బదులు ఉండే ఉక్కు స్ప్రింగు అలా కాదు. ఎంత నొక్కితే అంత లెక్కగా ఎదురు నెడుతుంది, మన ఎండకు దాని గుణం మారదు. అమెరికాలో కొలరాడోకు చెందిన సైస్మిక్ సంస్థ, దాన్ని స్థాపించిన డాన్ గెస్మర్ ఈ రకం ట్రక్కులకు పేరుపడ్డారు. మాకు కావలసిన జతను విశాఖ నుంచి ఓడలో వచ్చిన బంధువు తెచ్చిపెట్టాడు.

ఎంపికలో అసలు సంగతి మనిషి బరువు. మా మేనల్లుడు సన్నగా ఉంటాడు, నాది బరువైన ఒళ్లు. వాడికి కుదిరిన స్ప్రింగు నా కింద మలుపు సగంలోనే పూర్తిగా నలిగి ఆగిపోయేది. నాకు సరిపోయినదాన్ని వాడు వంచలేకపోయేవాడు. దాంతో ఇద్దరికీ వేరువేరు స్ప్రింగులు పెట్టుకున్నాం. వేగం కంటే ముందు చూసుకోవలసింది ఇదే అని నా గట్టి నమ్మకం.

తర్వాత బేస్‌ప్లేట్, అంటే ట్రక్కును బోర్డుకు బిగించే పలక కోణం. కోణం ఎక్కువైతే కొద్దిగా వంచినా బోర్డు బాగా తిరుగుతుంది. ముందూ వెనకా 45 డిగ్రీలవే పెట్టి చూశాం.

“మావయ్యా, వెనక చక్రాలు జారిపోతున్నాయి, కాలు నిలవట్లేదు,” అన్నాడు వాడు.

“వెనకది 30కి మారుద్దాం, దా.”

మార్చగానే తేడా తెలిసింది. ముందు ట్రక్కు దారి చూపుతుంటే వెనకది నేలను పట్టుకుని బోర్డును ముందుకు నెట్టింది. వాడు కాలు దించకుండా కప్పుల వరస చివరిదాకా పంపింగ్ మీదే వెళ్లాడు. అటుగా పోతున్న సైకిల్ కుర్రాళ్లు ఆగి చప్పట్లు కొట్టారు. వేగం ఈ దీవుల పిల్లలకు కొత్త కాదు. ఇక్కడి ఈసో అల్బెన్ 2018లో స్విట్జర్లాండ్‌లోని ఐగిల్‌లో జరిగిన ప్రపంచ జూనియర్ ట్రాక్ సైక్లింగ్ పోటీల్లో కీరిన్ అనే వేగపు పందెంలో రజతం గెలిచాడు.

స్ప్రింగులకు ఇక్కడి శత్రువు ఉప్పుగాలి. రెండు రుతుపవనాల వానలు, ఏడాది పొడవునా సముద్రపు తేమ. వర్షాకాలం మొదలైన కొద్ది రోజులకే స్ప్రింగు చుట్ల మధ్య ఎర్రటి మచ్చలు కనిపించాయి. అప్పటి నుంచి ఇంటికి రాగానే ట్రక్కు విప్పి, మంచినీళ్లతో తుడిచి, పొడిబట్టతో తడి అద్ది, పలచగా నూనె రాయడం మా ఇంట్లో నియమం. తడి రోడ్డు మీద స్ప్రింగు బోర్డు దించం. బుషింగులకు ఇంత సేవ అక్కర్లేదు, అది వాటి గొప్ప.

సముద్రతీరంలో ఉంటూ ఈ ఆట మొదలుపెట్టేవారు ముందు వైపుకు మాత్రమే స్ప్రింగు ట్రక్కు కొనండి. వెనక తక్కువ కోణం మామూలు ట్రక్కుకు గట్టి బుషింగులు వేస్తే చాలు. మీ బరువుకు తగ్గ స్ప్రింగు కుదిరాకే కోన్ల మధ్య దూరం తగ్గించండి.