మూడు మీద ఎనిమిది

ఫస్టియర్ వర్క్‌షాప్‌లో ఫిట్టింగ్ జాబ్ చేసినవాళ్ళందరికీ నంబర్ పంచ్‌లు గుర్తుండే ఉంటాయి. జాబ్ అయ్యాక ఇనుప ముక్క మీద పంచ్ నిలబెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ వేసి రోల్ నంబర్ కొట్టాలి. రెండేళ్ళ తర్వాత సెమినార్‌కి 'నాణేల డైలు' టాపిక్ తీసుకుని, తొలినాటి అమెరికా వెండి నాణేల ఫొటోలు పెద్దవి చేసి చూస్తుంటే నాకు ఆ పంచ్‌లే గుర్తొచ్చాయి.

ఫిలడెల్ఫియా టంకశాలలో 1807 – 1836 మధ్య కొట్టిన అర డాలర్లనే తీసుకోండి. డై మీద లిబర్టీ తల ఒకే పంచ్‌తో దిగుతుంది. చుట్టూ ఉన్న 13 నక్షత్రాలు, అక్షరాలు, సంవత్సరం మాత్రం ఒక్కొక్కటీ చేత్తో కొట్టాల్సిందే. చెయ్యి రెండుసార్లు ఒకేలా పడదు కదా! అందుకే ఒకే ఏడాది నాణేల్లోనూ ఎన్నో రకాలు. ఆల్ ఓవర్టన్ అనే ఆయన 1967లో వేసిన పుస్తకంలో బొమ్మ వైపు డై, బొరుసు వైపు డై కలిపి ఒక్కో జతకీ ఒక్కో నంబరిచ్చాడు. ఏ ఏడాదికా ఏడాది లెక్క 101తో మొదలవుతుంది.

రకం గుర్తుపట్టాలంటే నాణెం మొత్తాన్ని చూస్తే లాభం లేదు. నక్షత్రం మొన ఎటు చూస్తోంది, ఏ అక్షరం పక్కదాన్ని తాకుతోంది, అంకెల మధ్య సందెంత అని చూడాలి. అంకె అరిగినా దాని చోటు మారదు. డై పగిలితే ఆ పగుల్లోకి వెండి దూరి నాణెం మీద గీతలా లేస్తుంది. 1807 నాణేల్లో ఒకదానికి అలా గడ్డం దగ్గర పగిలి, పాపం లిబర్టీకి నిజంగానే గడ్డం మొలిచింది! ఆ ఏడాదిదే ఇంకో డై మీద 50 బదులు 20 కొట్టేసి, తప్పు తెలిశాక ఆ 2 మీదే 5 దించారు.

1815 అర డాలర్లన్నిటికీ బొమ్మ వైపు డై ఒక్కటే. దాని 5 కింద కూడా ఓ పాత 2 ఉంది. 1812 అని కొట్టిన డైని పారేయకుండా వాడుకున్నారన్నమాట. ఆ 5 దగ్గర నేను ఆగిపోయాను.

నా రోల్ నంబర్ 38. ఫస్టియర్‌లో నా వి-ఫిట్ ఎంత ఆకురాయి పట్టినా కూచోలేదు. సబ్మిషన్ ముందురోజు ఓ సీనియర్ పాత జాబ్ దొరికింది. దాని మీద 33. చివరి 3 మీద 8 కొట్టి, ఎమెరీ పేపర్‌తో రుద్ది ఇచ్చేశాను. సార్ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కాస్త వాల్చి చూసి, ఏమీ అనకుండా మార్కులు వేశారు. తప్పించుకున్నాననుకున్నా.

ఎందుకు వాల్చారో ఇప్పుడు తెలిసింది. పంచ్ వెంట్రుకవాసి జరిగినా ఏటవాలు వెలుతురులో కింది అంకె తొంగిచూస్తుంది. టంకశాలవాళ్ళు దిద్దింది వాళ్ళ డైనే. నేను దిద్దింది ఇంకొకడి కష్టాన్ని.

పోయిన వారం వర్క్‌షాప్‌కి వెళ్ళి సార్‌కి చెప్పేశాను. ఆయన ఏ బ్యాచ్ అని అడిగి, "సరే, ఓ ముక్క తీసుకో" అన్నారు, అంతే. రెండు సాయంత్రాలు పట్టింది. ఇప్పటికీ నా వి-ఫిట్ సందులోంచి కొంచెం వెలుతురు కనిపిస్తూనే ఉంది. 38లో 8 కాస్త వాలింది కూడా. కానీ దాని కింద ఇంకే అంకే లేదు.