కుడికాలి జాతకం

'ముందు బ్రేక్ ప్యాడ్లు అయిపోయాయి సార్, మార్చాలి.' కారు సర్వీసింగుకి ఇచ్చిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినాల్సిందే. వినగానే వచ్చే మొదటి సందేహం 'అప్పుడేనా?' అని. రెండోది, పైకి అనలేనిది, 'నిజమేనా?' అని.

మా ఇంట్లో ఈ సందేహం చిన్నపాటి తగవే తెచ్చింది. నాదీ, మా బావమరిదిదీ ఒకే మోడల్ కారు. ఒకే నెలలో కొన్నాం. నా కారుకి 28 వేల కిలోమీటర్లకే ప్యాడ్లు మార్చాల్సొచ్చింది. వాడిది 60 వేలు దాటినా మొదటి ప్యాడ్లతోనే తిరుగుతోంది. పండక్కి కలిస్తే చాలు, 'బావా, నువ్వు కారు నడుపుతావా, బ్రేకు నడుపుతావా?' అని ఎగతాళి. మా ఆవిడ ఎవరి పక్షమో వేరే చెప్పక్కర్లేదు.

తీర్పు చెప్పింది మా నాయన. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. అందులో చాలా ఏళ్లు తిరుపతి నుంచి తిరుమల కొండకి ఘాట్ డ్యూటీ. 'వాడు తిరిగేది అనంతపురం, బెంగుళూరు హైవే. ఎక్కితే గంటసేపు బ్రేకు మీద కాలు పెట్టే పని లేదు. నువ్వు తిరిగేది కూకట్‌పల్లి, సికింద్రాబాదు. కిలోమీటర్లు లెక్కేస్తే ఏమొస్తాది? ఎన్నిసార్లు నిలబెట్టినావో అది లెక్కేయి' అన్నాడు.

ఆ లెక్క వేశాను. బ్రేకు చేసే పనల్లా కారు పరుగుని వేడిగా మార్చడమే. చక్రంతో పాటు తిరిగే ఇనప డిస్కుని రెండు ప్యాడ్లు చెరోవైపు నుంచి పట్టుకుంటాయి. ఆ రాపిడిలో వేడి పుడుతుంది, ప్యాడ్ కాస్త అరుగుతుంది. మనుషులతో కలిపి 1400 కిలోలున్న కారు 30 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే పుట్టే వేడి ఎంతో తెలుసా? ఒక టీ గ్లాసుడు చన్నీళ్లు మరగడానికి సరిపడేంత. మరి 60 నుంచి ఆగితే? రెండు గ్లాసులనుకుంటాం. కానీ నాలుగు! వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. 90 నుంచి ఆపితే తొమ్మిది గ్లాసులు. ఇందులో ఇంజనూ, ఎదురుగాలీ కొంత పంచుకుంటాయనుకోండి. సడన్ బ్రేకులో ఆ పంపకానికీ వ్యవధి ఉండదు.

ఎదురుగా ఎర్రలైటు కనబడుతున్నా యాక్సిలరేటర్ తొక్కుకుంటూ వెళ్లి, చివర్లో బ్రేకు తొక్కేవాళ్లని హైదరాబాదులో రోజూ చూస్తాం. లైటు దూరంగా ఉండగానే కాలు తీసేసినవాడూ అదే సిగ్నల్ దగ్గర, అదే క్షణాన మన పక్కనే ఆగుతాడు. ఇద్దరూ వెళ్లేది అదే పచ్చలైటుకి. ప్యాడ్లు మాత్రం ఒకడికి ముందే అయిపోతాయి. ఇక మన కాలనీల్లో వంద గజాలకొకటి లేచే స్పీడ్ బ్రేకర్ల సంగతి ఎంత తక్కువ మాట్లాడుకుంటే అంత మంచిది.

మామూలుగా ముందు ప్యాడ్లు 30 నుంచి 70 వేల కిలోమీటర్ల దాకా వస్తాయి. ఇంత తేడా ఏమిటని అడిగితే, తేడా అంతా ఊరిదీ, కాలిదీ. బ్రేకు వేయగానే కారు బరువు ముందుకి వాలుతుంది గనక మూడొంతుల పని ముందు చక్రాలదే. వెనక డ్రమ్ములున్న కార్లలో షూలు చాలాకాలం మన్నుతాయి. ఆటోమేటిక్ కారైతే ప్యాడ్లు ఇంకాస్త ముందే అరుగుతాయి. కాలు తీసినా ముందుకి పాకుతుందది, ట్రాఫిక్‌లో దాన్ని పట్టి ఉంచేది బ్రేకే. పూర్తిగా ఆగిన కారులో ఎంతసేపు తొక్కిపట్టినా మాత్రం ప్యాడ్ అరగదు. డిస్కు తిరుగుతుంటేనే అరుగుడు.

ఇప్పుడు ఆ రెండో సందేహం. ఒకసారి 20 వేల దగ్గర ఒక సర్వీస్ సెంటర్ వాళ్లు ప్యాడ్లు అయిపోయాయన్నారు. చక్రం విప్పి చూపించమన్నాను. కుర్రాడు కాస్త మొహం మాడ్చుకున్నా విప్పాడు. స్కేలు పెట్టి చూస్తే ఇంకా ఆరు మిల్లీమీటర్ల మందం ఉంది! కొత్తప్పుడు నా కారు ప్యాడ్ మందం పది మిల్లీమీటర్లు. మూడుకి దిగితే మార్చాలి. ఆ తర్వాత ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగాకే మార్పించాను. చూపించమనడానికి మనం మొహమాటపడతాం గానీ, డాక్టరు దగ్గర ఎక్స్‌రే అడగమా?

అలాగని మరీ సాగదీయకూడదు. చాలా ప్యాడ్లకి చిన్న రేకుముక్క ఉంటుంది. ప్యాడ్ అరిగే సరికి అది డిస్కుకి తగిలి కీచుమంటుంది. ఆ కీచుని నిర్లక్ష్యం చేస్తే కొన్నాళ్లకి గరగరమంటుంది. అంటే ఇనుమూ ఇనుమూ రాసుకుంటున్నాయన్నమాట. అప్పుడు ప్యాడ్లతో పాటు డిస్కులూ కొనాలి. అవి ప్యాడ్ల ధరకి రావు. లోపలి ప్యాడ్ అరిగిపోయి బయటిది కొత్తదానిలా ఉంటే తప్పు కాలిది కాదు, కాలిపర్ పిన్నులు బిగుసుకుపోయి ఉంటాయి. వాటిని శుభ్రం చేయించకుండా ప్యాడ్లు ఎన్నిసార్లు మార్చినా అదే కథ.

ఇవన్నీ డబ్బు సంగతులు. ప్రాణం సంగతి తెలియాలంటే ఘాట్ దిగాలి.

తిరుమలకి మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. 1974లో రెండోది వచ్చాక ఎక్కడానికి అది, దిగడానికి పాతది. దిగేది సుమారు 700 మీటర్ల ఎత్తు. ఇందాకటి కారుని గేరు సాయం లేకుండా బ్రేకుతోనే దించారనుకోండి, పుట్టే వేడితో ముప్పై లీటర్ల నీళ్లు మరుగుతాయి. గ్లాసులు కావు, బిందెలు!

కొన్నేళ్ల కిందట మేం కొండ దిగుతుంటే ఒక మలుపు దాటాక ఓరగా ఒక కారు ఆగి ఉంది. ముందు చక్రాల్లోంచి పొగ. చంటిబిడ్డనెత్తుకుని ఒకావిడ, గుండుతో ఒక పెద్దాయన పిట్టగోడ పక్కన నిలబడి ఉన్నారు. కారు నడిపే అబ్బాయి నీళ్ల సీసా మూత తీస్తున్నాడు. మా కారు ఆగీ ఆగకముందే నాయన దిగి 'నీళ్లు పొయ్యొద్దప్పా!' అని అరిచాడు. కాలిన డిస్కు మీద చన్నీళ్లు పడితే వంకర పోవచ్చు, పగలనూవచ్చు. 'బ్రేకు దూది తొక్కినట్టుంది సార్, రెండు మలుపుల నుంచీ' అన్నాడా అబ్బాయి. చేతులు వణుకుతున్నాయి. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దిగుతున్నాడట. నిజానికి ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి, యాక్సిలరేటర్ వదిలేసి దిగుతుంటే పెట్రోలు అసలు తీసుకోవు. న్యూట్రల్‌లోనే ఇంజను తిరగడానికి కొంత కాలుతుంది.

దూదిలా అనిపించడానికి కారణం బ్రేక్ ఆయిల్ మరగడం. అది గాల్లోని తేమని పీల్చుకుంటుంది. పాతబడేకొద్దీ తక్కువ వేడికే మరిగి, గొట్టాల్లో ఆవిరి బుడగలు కడతాయి. అప్పుడు మనం తొక్కేది ఆ బుడగల్నే. ప్యాడ్లు కొత్తవే అయినా ఏం లాభం? రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమనేది అందుకే. సర్వీసింగ్ బిల్లులో చాలామంది మొదట కొట్టేయించేదీ ఆ పద్దునే.

అరగంటకు పైగా ఆ కుటుంబంతోనే ఉన్నాం. చక్రాలు చల్లారాక నాయన పెడల్ తొక్కి చూశాడు. గట్టిపడింది. అయినా మరోసారి తొక్కి చూసి గానీ వదల్లేదు. 'ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగల్ల. రెండో గేరు తియ్యొద్దు. బ్రేకు మీద కాలు పెట్టి ఉంచుకోవద్దు, పట్టి వదలాల. కిందికి పోయినాక ముందు ఆయిల్ మార్పించు' అని చెప్పి, వాళ్ల వెనకే మమ్మల్ని నడపమన్నాడు. అలిపిరి దాకా ముందు కారు ఎర్రలైటు ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెడుతూనే ఉన్నాడు. ఆ అబ్బాయి మలుపు మలుపుకీ నేర్చుకుంటున్నాడని లైటు చూస్తేనే తెలిసింది.

2022 నుంచి ఆ ఘాట్ మీద ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులూ తిరుగుతున్నాయి. వాటిలో కాలు తీయగానే మోటారే జనరేటరై బస్సుని నెమ్మది చేస్తుంది. బ్రేకుల్లో వేడిగా పోవాల్సిన దాంట్లో కొంత బ్యాటరీలోకి వెళుతుంది. ఎలక్ట్రిక్ కార్లలో ప్యాడ్లు అంత నెమ్మదిగా అరిగేదీ ఇందుకే. నాయనని పోయినసారి అందులోనే కిందికి తీసుకొచ్చాం. దారంతా డ్రైవరు కాళ్ల వైపే చూస్తూ కూర్చున్నాడు. స్టాండులో దిగాక, డ్యూటీ రోజుల్లో చేసినట్టే ముందు చక్రం దగ్గరికి వెళ్లి, తాకకుండా, అరచెయ్యి కాస్త ఎడంగా పెట్టి చూశాడు. ఇంకాస్త దగ్గరగా పెట్టాడు.

'ఇంతేనా వేడి?' అన్నాడు.