కుక్క పాయసం నాకితే

సింగపూరులో 1972 నుంచి బాణసంచాకు నిషేధం గనుక, దీపావళినాడు కాలిన చేతులకు కట్లు కట్టే పని మాకు తప్పింది. దానికి బదులు ఫోన్లు వస్తాయి. "డాక్టరుగారూ, మా కుక్కపిల్ల పాయసం గిన్నె నాకేసింది, ఏమైనా అవుతుందా?" గుంటూరులో మేము చదివినది మనుషుల వైద్యం. అయినా మనవాళ్ళకు కుక్కకూ, చిలక్కూ కూడా మేమే డాక్టర్లం! అందుకని కొంత చదివి, పశువైద్యులను అడిగి తెలుసుకున్నాము.

పాలూ, చక్కెరా, సేమ్యా అయితే చాలావరకు విరేచనాలతో పోతుంది. భయమల్లా పైన వేయించి వేసిన కిస్‌మిస్‌తోనే. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మొదటిరోజు వాంతులయి కుక్క తేరుకున్నట్టే ఉంటుంది. రెండో మూడో రోజున మూత్రం ఆగిపోవచ్చు. ఇన్ని తింటే ఫరవాలేదన్న లెక్క లేదు. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే దీనికి కారణం కావచ్చునని 2021లో అమెరికా పశువైద్యులు సూచించారు. ఆ ఆమ్లం మన చింతపండులోనూ పుష్కలం. కనుక పులిహోర కూడా అందకుండా పెట్టండి.

"మన ఊళ్ళో పెళ్ళి విస్తళ్ళు నాకే కుక్కలకు ఏమీ కాలేదే?" అని ఒక పెద్దాయన అడిగారు. మూడో రోజున అవి ఏమైనాయో ఎవరు చూశారు కనుక!

చాక్లెట్‌కు మాత్రం లెక్క ఉంది. ఇక్కడి ప్రభుత్వ ఫ్లాట్లలో పెంచుకునేవి ఎక్కువగా చిన్నజాతి కుక్కలే. 5 కిలోల కుక్క 100 గ్రాముల పాల చాక్లెట్ తింటే గుండె లయ తప్పవచ్చు. నల్ల చాక్లెట్ అయితే అందులో సగమైనా చాలు. మధుమేహం వారికని తెచ్చే చక్కెరలేని మిఠాయిలో జైలిటాల్ ఉంటే, అరగంటలోనే కుక్క రక్తంలో చక్కెర పడిపోవచ్చు.

లక్షణాలు కనిపించేదాకా ఆగవద్దు. ఏమి తిన్నది, ఎంత, ఎప్పుడు, కుక్క బరువెంత — ఇవి చెప్పి వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేయండి. మొదటి గంటా రెండు గంటల్లో అయితే వారు కక్కించగలరు. ఉప్పునీళ్ళు మాత్రం పట్టవద్దు. రక్తంలో ఉప్పు పెరిగి అదే ప్రాణం తీయవచ్చు. రాత్రంతా తెరిచి ఉండే పశువైద్యశాలలు ఇక్కడ ఉన్నాయి. ఒకదాని నంబరు పండగకు ముందే రాసిపెట్టుకోండి.

ఇంకొక మాట. కిందటేడు మాకు తెలిసిన ఇంట్లో ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఒక్క కిస్‌మిస్సే పెట్టానన్నాడు. తిట్టనని వాళ్ళమ్మ ఒట్టు పెట్టిన తరువాత అది గుప్పెడని తేలింది. కుక్కను రెండురోజులు సెలైన్ మీద ఉంచి పంపించారు.