బోరు నీళ్ళకో సబ్బు

అనంతపురం జిల్లాలోని ఒక ఇంజినీరింగ్ కళాశాల. కెమికల్ విభాగం ల్యాబ్‌లో విద్యార్థులు బల్లల చుట్టూ చేరి సీసాలు కుదుపుతున్నారు. ఒక్కో సీసాలో ఒక్కో రకం సబ్బు. నీళ్ళు మాత్రం అన్నిట్లోనూ ఒకే ఊరి బోరువి. కుదిపాక నురగ ఎత్తును స్కేలుతో కొలిచి రాసుకుంటున్నారు.

"ఎంత రుద్దినా నురగ రాదు నాయనా, సబ్బు మాత్రం అరిగిపోతుంది" అని ఆ ఊరి ఆడవాళ్ళు చెప్పిన మాటే ప్రాజెక్టు రికార్డులో మొదటి పేజీ. దాని కిందే ఆ మాటను కొలతల్లో పెట్టారు: నురగ ఇంత ఎత్తు రావాలి, ఇంతసేపు నిలవాలి, చర్మం పొడిబారకూడదు, ధర మామూలు సబ్బును మించకూడదు.

"ఇదివరకు రోజుకు ఇన్ని టన్నుల అమ్మోనియా ప్లాంటు డిజైన్ చెయ్యమనేవాళ్ళం. ఏం తయారుచెయ్యాలో ముందే తేలిపోయేది" అన్నారు పాఠం చెప్పే మేడమ్. ఆమె పాటించేది కస్లర్, మొగ్రిడ్జ్ 2001లో 'కెమికల్ ప్రొడక్ట్ డిజైన్' పుస్తకంలో చూపిన వరస: అవసరం, ఆలోచనలు, ఎంపిక, తయారీ.

ఎంపిక దగ్గర వాదన ముదిరింది. నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును తెట్టుగా విరిచేస్తాయి. కొబ్బరినూనె సబ్బు సముద్రపు నీళ్ళలోనూ నురగనిస్తుంది కనుక అదే చాలంది ఒక బ్యాచ్. అది ఒంటిని పొడిబారుస్తుంది, పైగా నూనె ఖరీదు అంది ఇంకో బ్యాచ్. పామాయిల్ కలిపి, కాల్షియాన్ని పట్టి ఉంచే సోడియం సిట్రేట్ వేద్దామంది. మేడమ్ తీర్పు చెప్పలేదు. దేనికెంత వెయిటేజీ ఇస్తారో, ఎందుకో పట్టిక వేసి చూపమన్నారు. మిశ్రమమే నెగ్గింది. దాంతో లెక్క మారింది: 100 గ్రాముల కొబ్బరినూనెకు కాస్టిక్ సోడా సుమారు 18 గ్రాములు కావాలి, పామాయిల్‌కు 14 చాలు. అందులోనూ ఐదు శాతం తగ్గించి వేస్తారు, కాస్త నూనె మిగిలి చర్మానికి హాయిగా ఉండేందుకు.

చిన్న అచ్చులో నున్నగా గట్టిపడిన సబ్బు, పెద్ద పెట్టెలో పోస్తే నడుమ ఉబ్బి పగిలింది. నూనె, కాస్టిక్ సోడా కలిస్తే వేడి పుడుతుంది. ముద్ద పెరిగినంతగా ఆ వేడి బయటికి పోయే ఉపరితలం పెరగదు. "పెట్టె లోతు ఎంతుండాలో లెక్క కట్టొచ్చా మేడమ్?" అంటూ ఒక అమ్మాయి హీట్ ట్రాన్స్‌ఫర్ నోట్సు తెరిచింది. ప్రాజెక్టుల సందట్లో అసలు సబ్జెక్టులు వెనకబడతాయని కొందరు అధ్యాపకుల భయం. ఇక్కడ మాత్రం పగిలిన సబ్బే పిల్లల చేత ఆ పాఠాన్ని అడిగించుకుని చదివిస్తోంది.